గుడాలకు లేని ధర ప్యాకెట్‌కు ఎందుకు?

రాష్ట్ర కమిటీ సమావేశం ఉందని మొన్న తాండూరులో తెల్లవారుజామున బండి ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. మా జిల్లా నుంచి నలుగురం. ఇంట్లో టీ చుక్క తప్ప ఏమీ కడుపులో పడలేదు. స్టేషన్ బయట మా ఊరి పిల్లవాడు ఒకడు కలిశాడు. నగరంలో చదువుకుంటూ సాయంత్రాలు ఒక కొట్టులో పనిచేస్తున్నాడు. మా ముఖాలు చూసి "ఏం తినలేదా కాకా?" అని, సంచీలోంచి ఒక రంగుల ప్యాకెట్ తీసి చేతిలో పెట్టాడు. ప్రోటీన్ బార్ అట. "ఇది తింటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు" అన్నాడు. ధర అడిగితే 70 రూపాయలు. నలుగురం తలా ఒక ముక్క తుంచుకున్నాం. ఖర్జూరం ముద్దలో పిండి కలిపినట్టు తియ్యగా ఉంది. నాలుగుసార్లు నమిలేసరికి డెబ్బై రూపాయలు అయిపోయాయి.

అప్పుడు మాలో ఒకరు స్టీలు డబ్బా తీశారు. ఇంట్లో రాత్రి నానబెట్టి, వేకువన ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టిన శనగ గుడాలు. స్టేషన్ ముందు అరుగు మీద కూర్చుని తలా రెండు గుప్పెళ్లు తిని, నీళ్లు తాగి సమావేశానికి వెళ్లాం. పదకొండింటికి టీ, బిస్కెట్లు వచ్చాయి. మేము బిస్కెట్ల జోలికి పోలేదు. సమావేశం రెండున్నర దాకా సాగింది. పన్నెండున్నర నుంచే చాలామంది గడియారం చూడటం మొదలుపెట్టారు. మాకు అంత తొందర అనిపించలేదు. నలుగురి కడుపులు శాస్త్రానికి రుజువు అని మేము అనడం లేదు. కానీ ఆ ప్యాకెట్ రేపర్ మా జేబులోనే ఉండిపోయింది. దాని వెనక రాసింది చదివి, అజెండా కాగితం వెనక ఒక లెక్క వేశాం. కార్యదర్శి గారు మన్నించాలి, రెండో అంశం మీద చర్చ సగం మాకు వినపడలేదు.

ఆ బార్ బరువు 40 గ్రాములు. అందులో ప్రోటీన్, అంటే మాంసకృత్తులు, 10 గ్రాములు. పీచు 4 గ్రాములు. ఇక మన శనగల సంగతి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల్లో ఏమేం ఉన్నాయో పరీక్షించి పట్టికలు ప్రచురించింది. ఆ పట్టికల ప్రకారం 100 గ్రాముల గుండు శనగల్లో మాంసకృత్తులు 19 గ్రాముల దాకా, పీచు 25 గ్రాముల దాకా ఉన్నాయి. అంటే 50 గ్రాముల ఎండు శనగలు నానబెడితే మాంసకృత్తులు 9 గ్రాముల పైన, పీచు 12 గ్రాముల పైన. మాంసకృత్తుల్లో దాదాపు బార్‌తో సమానం, పీచులో మూడింతలు. 2025 రబీ పంట కొనుగోళ్లకు శనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. ఆ ధరే రైతుకు దక్కిందనుకున్నా, ఆ 50 గ్రాములకు మన చేతికి వచ్చేది 2 రూపాయల 82 పైసలు.

ప్యాకెట్ వాడి వైపు నుంచి కూడా మాట్లాడాలి. బార్ నానబెట్టనక్కర్లేదు, ఉడకబెట్టనక్కర్లేదు, జేబులో వేసుకుని పోవచ్చు. అందులో పాలవిరుగుడు ప్రోటీన్ ఉంటే అది పప్పుగింజల ప్రోటీన్ కంటే తేలిగ్గా వంటబడుతుంది. పప్పుగింజల్లో కొన్ని అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ తక్కువను జొన్న, బియ్యం పూడుస్తాయి, జొన్నలో తక్కువైనదాన్ని పప్పు పూడుస్తుంది. మన పెద్దలు రొట్టెలోకి పప్పు, అన్నంలోకి పప్పు అని అలవాటు చేసింది ఊరికే కాదు. ఇంత చెప్పుకున్నా 70 రూపాయలకూ 3 రూపాయలకూ మధ్య ఉన్న దూరం తరగదు.

అసలు ఆకలి ఎందుకు ఆగుతుంది? ఇది మన సభ్యులు తెలుసుకోవలసిన సంగతే. ఎందుకంటే ఈ మాట మీదనే ఇప్పుడు ఇంత వ్యాపారం నడుస్తున్నది.

చెరువు తూము గుర్తు చేసుకోండి. తూము పూర్తిగా ఎత్తితే నీళ్లు ఒక్కసారి వచ్చి పొలం ముంచి పోతాయి, రెండోనాటికి మడి ఆరుతుంది. పాలిష్ బియ్యం అన్నం, మైదా బిస్కెట్, చక్కెర టీ కడుపులో ఇట్లాగే పనిచేస్తాయి. తొందరగా కరిగి రక్తంలో చక్కెరను ఒక్కసారి పెంచుతాయి, తర్వాత అది అంతే తొందరగా దిగుతుంది, మళ్లీ చెయ్యి పళ్లెం వైపు పోతుంది. పీచు ఉన్న గింజ తూమును సగమే ఎత్తినట్టు. నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, జీర్ణాశయం నిండిన భావన ఇస్తుంది. పొట్టులోపల బంధించి ఉన్న పిండిపదార్థం మెల్లగా బయటికి వస్తుంది. గింజను నమలాలి కాబట్టి తినడానికే సమయం పడుతుంది, ఆ సమయంలో మెదడుకు కబురు అందుతుంది. అరగని పీచు పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు దానిలో కొంత పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలు కూడా కడుపు నిండిందనే సంకేతానికి తోడవుతాయి.

మాంసకృత్తులది ఇంకో పని. అవి పేగుకు చేరినప్పుడు పేగు గోడలోంచి కొన్ని హార్మోన్లు విడుదలవుతాయి. అందులో ఒకదాని పేరు జీఎల్‌పీ-1. ఇది మెదడుకు చాలు అని చెబుతుంది, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదిస్తుంది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్ కూడా మాంసకృత్తులు తిన్నాక తగ్గుతుంది. 2025లో మన దేశపు మందుల దుకాణాల్లోకి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, నెలకు వేల రూపాయలు పెట్టి వేయించుకుంటున్నవి, అవి అనుకరించేది ఈ జీఎల్‌పీ-1 హార్మోన్‌నే. గుప్పెడు గుడాలు ఇంజెక్షన్ అంత పనిచేస్తాయని మేము చెప్పడం లేదు. ఆ మందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, గుడాల ప్రభావం ఒక పూట. ఒంటిలో ఉన్న దారి మాత్రం అదే.

ఇంకో మాట. 1980లలో కెనడాలోని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ అనే శాస్త్రవేత్త బృందం పొద్దున పప్పుగింజలు పెట్టి చూస్తే, ఆ పూటకే గాక మధ్యాహ్నం తిన్న భోజనానికి కూడా రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. మన ఇళ్లలో వేకువన గట్క, అంబలి తాగి దున్నపోయిన తరానికి ఈ సంగతి పరిశోధన లేకుండానే ఒంటికి తెలుసు.

కంపెనీలు ఇక్కడే ఒక తెలివి చేస్తాయి. పీచు మంచిదా, ప్రోటీన్ మంచిదా, అయితే గింజతో పనేముంది, ఆ రెండూ విడదీసి పొడి చేసి చక్కెరపాకంలో కలిపితే పోలేదా అని. బఠానీలోంచి, సోయాలోంచి ప్రోటీన్ తీస్తారు, చికోరీ వేరులోంచి పీచు తీస్తారు. మరి ఆకలి అదే విధంగా ఆగుతుందా? 2019లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ ఆహారం, రెండు వారాలు వండిన మామూలు ఆహారం పెట్టాడు. ముందు పెట్టిన పళ్లేల్లో చక్కెర, కొవ్వు, పిండిపదార్థం, ప్రోటీన్, పీచు రెండింటిలో సమానంగా ఉండేట్టు చూశారు. ఫ్యాక్టరీ ఆహారంలో పీచు ఎంత వెతికినా చాలలేదు, కాబట్టి పీచు పొడిని పానీయాల్లో కలిపి లెక్క సరిచేశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజుల్లో మనుషులు రోజుకు దాదాపు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. లేబుల్ మీద లెక్క సరిపోయింది, కడుపు ఆ లెక్క ఒప్పుకోలేదు. ఆ ఆహారం మెత్తన, నమలడం తక్కువ, మింగడం తొందర.

కాబట్టి రేపర్ మీద ప్రోటీన్ అని పెద్ద అక్షరాలు ఉన్నంత మాత్రాన అది ఆకలి ఆపుతుందని నమ్మకండి. వెనక్కి తిప్పి చూడండి. చక్కెరపాకాలు మొదటి మూడు పేర్లలో ఉంటే అది మిఠాయే. మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం 100 గ్రాములకు 6 గ్రాముల పీచు ఉంటే చాలు, ఆ వస్తువు మీద అధిక పీచు అని అచ్చు వేసుకోవచ్చు. అదే తార్నాక పట్టికల్లో జొన్నలో పీచు 10 గ్రాములు, తైదల్లో 11 గ్రాములు, పెసర్లలో 17 గ్రాములు. ఈ లెక్కన మన గోనె సంచుల మీద కూడా బంగారు అక్షరాలతో రాసుకోవచ్చు. సంచి మీద అచ్చు వేసే స్తోమత మనకు లేదు, అంతే.

ఇప్పుడు కంది దగ్గరికి రండి, మాది కంది ప్రాంతం కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నల్లరేగడి, అడుగున ఉన్న సున్నపు రాయి, ఆ రుచికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. పండగ చేసుకున్నాం. ఆ కంది మిల్లుకు పోయి ఏమవుతుంది? క్వింటా కందులు వేస్తే 70 కిలోలకు అటూఇటూ పప్పు వస్తుంది. మిగిలింది పొట్టు, నూక, పిండి. అది పశువుల దాణాకు పోతుంది. పొట్టుతో ఉన్న కందిలో 100 గ్రాములకు పీచు 23 గ్రాముల దాకా ఉంటే, పప్పు చేశాక మిగిలేది 9 గ్రాములు. బియ్యం మిల్లులో జరిగేదీ ఇదే. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములకు మించదు. పీచంతా తీసేసి పశువులకు వేసి, ఇంకో దేశపు వేరులోంచి పీచు పొడి తెచ్చి మనకు 70 రూపాయలకు అమ్మే వ్యవస్థను ఏమనాలో మీరే చెప్పండి. పశువులకు దాణా అక్కర్లేదని మా ఉద్దేశం కాదు, గేదెలు మాకూ ఉన్నాయి. వంటింటికి పోయే దానిలో కొంతైనా గుండుగింజగా పోవాలన్నది మా మాట.

2025 ఉగాది నుంచి మన రాష్ట్రంలో రేషన్ కార్డు ఉన్న ప్రతి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. పేదవాడు కూడా సన్నబియ్యం తినాలన్నది న్యాయమైన కోరికే, దాన్ని మేము తక్కువ చేయం. దొడ్డుబియ్యం అమ్ముకునే బాధ తప్పింది. కానీ పళ్లెంలో బియ్యం పక్కన పప్పు ఎక్కడుంది? 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కెలోరీల రోజుకు పప్పుగింజలు 85 గ్రాములు ఉండాలని చెప్పారు. అదే పుస్తకంలో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని కూడా రాశారు. మన కూలీ ఇంట్లో మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు అంటే నలుగురికి నెలకు 10 కిలోలు. ఎన్ని ఇళ్లలో ఉడుకుతుంది? కందులు పండించిన ఇంట్లోనే పప్పు నీళ్లలా ఉండటం మేము చూశాం, మా ఇంట్లోనూ అట్లాంటి ఏళ్లు గడిచాయి. పంట మొత్తం అప్పు కింద పోతే విత్తనానికి తప్ప గింజ మిగలలేదు.

అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తిన్న కూలీకి పదకొండింటికే ఆకలి అవుతుంది. ఆ ఆకలిని చక్కెర టీతో, బీడీతో, గుట్కాతో చంపుకుంటారు. పిల్లలు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనుక్కుంటారు. నగరంలో ఆకలి తగ్గించుకోవడానికి డబ్బు ఖర్చు చేసేవాడు ఒకడు, ఊళ్లో ఆకలిని మోసం చేయడానికి డబ్బు ఖర్చు చేసేవాడు ఒకడు. ఇద్దరూ కొనేది ప్యాకెట్టే. షుగర్ జబ్బు ఇప్పుడు నగరం వాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేల్చింది. ఊరూరా ఆశా కార్యకర్తల దగ్గర మాత్రల కోసం నిలబడుతున్నది మన వాళ్లే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే వ్యాసం ఒకపక్కే మాట్లాడినట్టు అవుతుంది. ఆకలి ఆపడం అందరికీ మంచిది కాదు. మూడేళ్ల పిల్ల కడుపు గుప్పెడంత. దానికి పొట్టు గింజలే పెట్టి నింపితే, కావలసిన శక్తి రాకముందే కడుపు నిండిపోతుంది. ఎదిగే పిల్లకు నూనె, బెల్లం, పాలు, గుడ్డు కావాలి, కొద్దిలో ఎక్కువ శక్తి ఉన్నవి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమలు, శనగపప్పుతో పాటు పాలపొడి, చక్కెర, నూనె కలిపేది ఇందుకే. బలహీనపడిన పిల్లకు పెద్దవాళ్ల డైటింగు చిట్కాలు పనికిరావు.

ఈ పాఠం మనకు సికింద్రాబాద్ పక్కనే ఒకసారి చెప్పారు. 1960లలో ప్రపంచమంతా ప్రోటీన్ కరువు అని గోల పుట్టింది. రాబోయే ప్రోటీన్ సంక్షోభం అంటూ 1968లో ఐక్యరాజ్యసమితి నివేదికే వచ్చింది. చేపల నుంచి పొడి, సూక్ష్మజీవుల నుంచి పొడి తీసి పేద దేశాల పిల్లలకు పెట్టాలని ఫ్యాక్టరీల పథకాలు వేశారు. అప్పుడు తార్నాక సంస్థకు డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ వేరే మాట చెప్పారు. మన పిల్లలకు కొరత ముందు అన్నమే, కడుపు నిండా మామూలు తిండి దొరికితే అందులోని మాంసకృత్తులు దాదాపు సరిపోతాయి, తిండే చాలనప్పుడు ఎంత ప్రోటీన్ పెట్టినా ఒళ్లు దాన్ని కట్టెలా కాల్చుకుంటుంది అని. ఆయన బృందం 1973లో ప్రచురించిన అధ్యయనంలో పల్లె పిల్లలకు రోజూ 300 కెలోరీలకు కొంచెం పైగా ఉండే ఆహారం అదనంగా పెట్టారు. అందులో మాంసకృత్తులు 3 గ్రాములే. పిల్లల ఎదుగుదల బాగుపడింది. ఆ మరుసటి ఏడు లండన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో మెక్‌లారెన్ అనే వైద్యుడు ప్రోటీన్ పేరుతో జరిగిందంతా పెద్ద అభాసు అని రాశాడు. యాభై ఏళ్ల తర్వాత అదే మాట రంగుల కాగితంలో మళ్లీ వచ్చింది. ఈసారి తేడా ఏమిటంటే పేదవాడికి పంచడానికి కాక, ఉన్నవాడికి అమ్మడానికి వచ్చింది.

ఒక పెద్దమనిషికి నిజంగా ఎంత కావాలి? భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు. రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నె గట్టి పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, సాయంత్రం గుప్పెడు పల్లీలు లేదా గుడాలు, ఒక పూట అన్నం. అక్కడికి చేరుకోవడానికి ఫ్యాక్టరీ అవసరం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పప్పు, మాంసం ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి, ఈ వ్యాసం చూసి కాదు.

ఇక ధర. కందికి 2025-26 మద్దతు ధర 8,000 రూపాయలు, పెసరకు 8,768, శనగ ధర పైన చెప్పాం. కాగితం మీద ధర ఒకటి, మార్కెట్ యార్డులో ధర ఒకటి అన్నది మనకు కొత్త కాదు. 2021 మే నుంచి కందుల దిగుమతికి పరిమితి ఎత్తేశారు. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా కందులు మన కోతల కాలంలో ఓడల్లో దిగుతున్నాయి. 2023 డిసెంబరులో పసుపు బఠానీ మీద సుంకం పూర్తిగా తీసేశారు. కెనడా, రష్యా బఠానీ శనగపిండిలో కలిసింది, మన శనగ ధర పడింది. దాదాపు రెండేళ్లు అట్లా నడిపి 2025 నవంబరు నుంచి 30 శాతం సుంకం వేశారు. ఆ రెండేళ్లలో శనగ వేయడం మానుకున్న రైతు మళ్లీ వేస్తాడని ఎవరు హామీ? పట్టణంలో అధిక ప్రోటీన్ అంగళ్లు పెరుగుతున్నా, ఆ ప్రోటీన్ పండించిన చేను తగ్గుతూ ఉంటే గిరాకీ పెరిగిన లాభం ఎవరి జేబులోకి పోతున్నట్టు?

మనం అడగవలసింది ఏదో కొత్త పథకం కాదు. 2025లో పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు నడిచిన రోజుల్లో ప్రభుత్వం సాయంత్రం అల్పాహారానికి పిల్లకు రోజుకు 15 రూపాయలు ఇచ్చింది. ఉడికించిన గింజలు, పల్లీ బెల్లం పెట్టారు. మధ్యాహ్నం తిన్న పిల్ల సాయంత్రం దాకా తరగతిలో కూర్చోవాలంటే ఏం పెట్టాలో అధికారులకు తెలుసన్న మాట. అయితే పరీక్షల ముందు కొన్ని రోజులే ఎందుకు, పదో తరగతికే ఎందుకు? బడి భోజనంలో ఇప్పుడు చిన్న తరగతుల పిల్లకు రోజుకు పప్పు 20 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 30 గ్రాములు. ఏడాది పొడవునా అన్ని తరగతులకు, గురుకులాలకు, సాయంత్రం ఒక గుప్పెడు గుడాలు పెట్టండి. ఆ శనగలు, బొబ్బెర్లు, పెసర్లు ఆ మండలంలోనే రైతుల సంఘాల దగ్గర మద్దతు ధరకు కొనండి. టెండర్ పిలిచి మిల్లెట్ బిస్కెట్లు తెచ్చే పని పెట్టవద్దు. ఆ బిస్కెట్‌లో జొన్న ఎంతో, మైదా ఎంతో, చక్కెర ఎంతో ముందు బయటపెట్టమనండి.

రేషన్‌లో బియ్యంతో పాటు మనిషికి ఒక కిలో పప్పుగింజలు, కోరినవాళ్లకు బియ్యం బదులు జొన్నలు ఇవ్వమని కూడా అడగాలి. ఇది జరగని పని అనేవాళ్లకు జహీరాబాద్ పోయి చూడమని చెబుతాం. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే బీడు పడ్డ భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు పంచి చూపించాయి. ఆ పని చేసింది ఎక్కువమంది దళిత మహిళలు. అధికారులు వచ్చి ఫొటోలు దిగారు, మెచ్చుకున్నారు, ప్రభుత్వ రేషన్ బండిలో మాత్రం బియ్యమే వచ్చింది.

మన సంగతి కూడా అనుకుందాం. సంఘం సమావేశాల్లో ఎన్నేళ్లుగా టీతో మైదా బిస్కెట్లు తింటున్నాం? గిట్టుబాటు ధర మీద తీర్మానం చేస్తూ కంపెనీ బిస్కెట్ కొరకడం మాకైతే ఆ రోజు సికింద్రాబాద్‌లో కొంచెం సిగ్గనిపించింది. రాష్ట్ర కమిటీ ముందు ఒక మాట పెట్టాం. వచ్చే నెల జిల్లా సమావేశం నుంచి బిస్కెట్లు మానేసి గుడాలు పెట్టాలని. ఒకరిద్దరు నవ్వారు, ఎవరూ కాదనలేదు.

యాభై మందికి మూడు కిలోల శనగలు సరిపోతాయి. ముందురోజు సాయంత్రమే నానబెట్టాలి, ఎనిమిది గంటలకు తగ్గకుండా. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే కడుపుబ్బరం తగ్గుతుంది. పళ్లు లేని పెద్దలకు కొంత మెత్తగా ఉడికించి వేరే తీయాలి. అలవాటు లేనివాళ్లు మొదటి రోజే రెండు దోసిళ్లు తినకుండా గుప్పెడుతో మొదలుపెట్టాలి, నీళ్లు బాగా తాగాలి. ఉల్లిగడ్డ, కరివేపాకు, నిమ్మకాయలు తాండూరు మండల కమిటీ తెస్తుంది. శనగలు సభ్యుల ఇళ్ల నుంచే రావాలి, కొనేది ఉంటే మద్దతు ధరకు తగ్గకుండా కొనాలి. గింజలు ఎవరు ఎన్ని ఇవ్వగలరో ఈ నెల 20 లోపు మండల కార్యదర్శులకు చెప్పండి. వండే పని ఎప్పట్లాగే ఆడవాళ్ల మీద వేయకండి, పొయ్యి దగ్గర మేమూ కూర్చుంటాం.